తోకలో చేరే గ్రాములు: ఇంట్లో కట్టే మోడల్ రాకెట్లపై అపోహలు - వాస్తవాలు

మోడల్ రాకెట్ అంటే ఒక కాగితపు గొట్టం, ముందు మొన, వెనక మూడో నాలుగో రెక్కలు, లోపల మడిచి పెట్టిన పారాచూట్. వరంగల్‌లో ఈ సామాను చాలావరకు స్టేషనరీ షాపులోనూ ప్లైవుడ్ షాపులోనూ దొరుకుతుంది. పని చెడేది "ఇంకొంచెం వేస్తే గట్టిగా ఉంటుంది కదా" అనుకునే దగ్గర. ఆ ఇంకొంచెం జిగురు, ఇంకొంచెం రంగు పోయి పోయి తోకలోనే చేరతాయి. మొదలుపెట్టే ముందు 0.1 గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. కింద చెప్పే అపోహల్లో సగం ఆ కాటా మీదే తేలిపోతాయి.

అపోహ: రాకెట్‌ను ఎగరేసే మందు (కాలే పొడి) మనమే కలుపుకోవాలి, లేదా దీపావళి రాకెట్ విప్పి అందులోది వాడుకోవాలి.

వాస్తవం: రెండూ ప్రాణం మీదికి తెచ్చే పనులే. అమెరికాలో ఆర్విల్ కార్లైల్ తయారుచేసిన చిన్న రాకెట్లను 1957లో చూసి, రాకెట్ ఇంజినీరు హ్యారీ స్టైన్ ఈ హాబీకి భద్రతా నియమాలు రాశాడు. ఇంట్లో మందు కలపొద్దు, ఫ్యాక్టరీలో తయారై ఒక్కసారి కాలిపోయే మోటారే (మందు దట్టించిన చిన్న గొట్టం) వాడాలి అన్నది అందులో కీలకం. అలాంటి మోటారు మీద సీ6-5 అని ఉంటే, సీ అనేది మొత్తం ఇంపల్స్ (నెట్టే బలాన్ని అది పనిచేసిన సెకన్లతో గుణిస్తే వచ్చేది) 5 నుంచి 10 న్యూటన్-సెకన్ల మధ్య ఉందని చెబుతుంది. 6 అంటే సగటు తోపు, అంటే నెట్టే బలం, 6 న్యూటన్లు. 5 అంటే మందు కాలిపోయాక పారాచూట్‌ను బయటికి తన్నేలోపు ఆగే సెకన్లు. దీపావళి రాకెట్‌లో ఈ లెక్కలేవీ ఉండవు. దాన్ని నిటారుగా నడిపేది వెనకున్న పొడుగు పుల్ల, చివర్లో పేలిపోవడం దాని పని. విప్పుతుంటే రాపిడికే అంటుకోవచ్చు.

మన దేశంలో ఇలాంటి మందు తయారీ, నిల్వ 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తాయి. అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లో ఉంది. కాబట్టి ఇంట్లో చేయాల్సింది కట్టడం, నునుపు చేయడం, రంగు వేయడం. ఎగరేయాలంటే గాలి ఒత్తిడితో ఎగిరే నీళ్ల రాకెట్ ఉంది. మోటారుతో ఎగరేయడం లైసెన్సున్న వాళ్ల పర్యవేక్షణలో జరగాల్సిన పని.

అపోహ: గొట్టం ఎంత మందంగా ఉంటే రాకెట్ అంత గట్టి.

వాస్తవం: బట్టల షాపులో తాను చుట్టి వచ్చే అట్ట గొట్టం తెచ్చి తూచండి. 3 మి.మీ. మందం, 40 మి.మీ. లోపలి వెడల్పు ఉంటే 30 సెం.మీ. ముక్కే 80 గ్రాములు దాటుతుంది. తోపు రాకెట్ బరువుకు కనీసం ఐదు రెట్లు ఉండాలి. అంటే 6 న్యూటన్ల మోటారుకు మోటారుతో కలిపి రాకెట్ మొత్తం 120 గ్రాములు దాటకూడదు. అందులో మోటారే దాదాపు 24 గ్రాములు. ఇక మొనకు, రెక్కలకు మిగిలేదేముంది?

25 మి.మీ. కరెంటు పైపు మీద ముందు ఒక పాలిథీన్ కవర్ చుట్టండి. దాని మీద ఖాకీ క్రాఫ్ట్ పేపర్ నాలుగు చుట్లు చుట్టండి. మొదటి చుట్టుకు జిగురు పెట్టొద్దు. మిగతా వాటికి నాలుగో వంతు నీళ్లు కలిపిన ఫెవికాల్ పలచగా పూస్తే చాలు. ఒక రోజు నీడన ఆరాక పైపు మీంచి జారుతుంది. మందం అర మిల్లీమీటరు, 30 సెం.మీ.కు బరువు 8 నుంచి 10 గ్రాములు. అంచులు నలగకుండా ఉండాలంటే రెండు చివర్లా ఒక్కో చుక్క ఫెవిక్విక్ ఇంకించండి. ఈ హాబీలో ఫెవిక్విక్‌కు ఉన్న మంచి ఉపయోగం అదొక్కటే. రెక్కలు అంటించడానికి మాత్రం వద్దు, అది పెళుసు, నేలకు తగిలిన మొదటి దెబ్బకే ఊడుతుంది.

అపోహ: రెక్క విరిగిందంటే చెక్క పలచనైపోయినట్టు.

వాస్తవం: ఎక్కువసార్లు చెక్కను తప్పు దిక్కున కోసి ఉంటారు. బాల్సా (చాలా తేలికైన కర్ర) ముక్కను రెండు బొటనవేళ్ల మధ్య పట్టి వంచి చూడండి. నార నిలువుగా ఉన్న దిక్కున విల్లులా వంగి నిలుస్తుంది, అడ్డంగా తిప్పితే బిస్కెట్‌లా పుటుక్కుమంటుంది. రెక్క ముందంచుకు సమాంతరంగా నార సాగేలా కోస్తే 2 మి.మీ. చెక్క చాలు. ఇంకా గట్టిదనం కావాలంటే రెండువైపులా ఏ4 కాగితం అంటించండి. రెండువైపులా ఒకేసారి అంటించాలి, లేకపోతే ఆరేటప్పుడు ఒకవైపుకు మెలి తిరుగుతుంది. రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచండి. 30 చదరపు సెంటీమీటర్ల రెక్కలు మూడింటికి కలిపి ఆ కాగితం ఒకటిన్నర గ్రాము కూడా ఉండదు.

అతుకు బలం జిగురు మోతాదు వల్ల రాదు. రెక్క అడుగుకూ, గొట్టం మీద గీసుకున్న గీతకూ పలచగా ఫెవికాల్ రాసి, ఒకసారి నొక్కి తీసేసి, పది నిమిషాలు ఆరనివ్వండి. మళ్లీ పలచటి పొర రాసి నొక్కితే నిమిషంలో పట్టేస్తుంది. ఆరాక అతుకును చింపి చూస్తే కాగితం లేచి వస్తుంది గానీ జిగురు విడవదు. గొట్టం మీద నిలువు గీతకు స్కేలు వాడితే వంకర పోతుంది. కిటికీలు చేసే చోట మిగిలిన అల్యూమినియం యాంగిల్ ముక్కను గొట్టానికి ఆనించి దాని అంచు వెంట గీయండి. మూల నింపే జిగురును వేలితో రెండు పలచటి పొరలుగా లాగండి, రాకెట్‌ను అడ్డంగా పడుకోబెట్టి ఆరబెట్టండి. ఒకేసారి లావుగా నింపితే పైన తోలు కట్టి లోపల రెండు రోజులు పచ్చిగానే ఉంటుంది, తర్వాత కుంచించుకుని పగులుతుంది. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ.

అపోహ: మంచి రంగు రెండు కోట్లు కొడితే నునుపు అదే వస్తుంది.

వాస్తవం: రంగు గీతలను కప్పదు, మెరిపించి చూపిస్తుంది. మన దగ్గరి నకాషీ కళాకారులకు ఇది ఎప్పటినుంచో తెలుసు. చేర్యాలలో బొమ్మ గీసే ముందు బట్టకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి ఆరబెడతారు. నిర్మల్‌లో పొనికి కర్ర బొమ్మకు ముందు లప్పం, ఆ తర్వాతే రంగు. పొనికి దొరికితే రాకెట్ మొనకు చక్కగా పనికొస్తుంది, తేలికైన మెత్తని కర్ర, కత్తికి లొంగుతుంది.

రాకెట్‌కు వరుస ఇది. రెక్కలకు ప్లైవుడ్ షాపులో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) సాండింగ్ సీలర్‌ను సమానంగా థిన్నర్ కలిపి రెండు మూడు కోట్లు, మధ్యలో 320 ఎమరీ పేపర్‌తో తేలిక రుద్దుడు. గొట్టం మీది కాగితం అంచుకు పలచని లప్పం. తర్వాత బూడిద రంగు ప్రైమర్ ఒక కోటు వేసి, 400 నంబరుతో దాదాపు అంతా రుద్దేయండి. గుంతల్లో మిగిలిన బూడిద రంగే మీకు కావలసింది, మిగతాదంతా అనవసర బరువు. కాగితపు గొట్టం మీద నీళ్లు పోసి రుద్దొద్దు, ఉబ్బిపోతుంది.

స్ప్రే డబ్బాను 25-30 సెం.మీ. దూరంలో పట్టండి. రాకెట్ బయటే నొక్కడం మొదలుపెట్టి, రాకెట్ దాటాక వదలండి. పలచటి కోట్లు మూడు, మధ్య పది నిమిషాలు. మన ఎండాకాలం మధ్యాహ్నం రంగు చుక్క గాల్లోనే ఆరిపోయి, తగిలిన చోట గరుకు పొడిలా అంటుకుంటుంది. ముసురు పట్టిన రోజు ఎన్‌సీ రంగు పాలు విరిగినట్టు తెల్లబారుతుంది, గాలిలోని తేమ పొరలో చిక్కుకుంటుంది కాబట్టి. ఎండాకాలం పొద్దున ఎనిమిదిలోపు, వానాకాలం గట్టిగా ఎండ కాసిన రోజు పెట్టుకోండి. ఎనామిల్ మీద ఎన్‌సీ రంగు వేస్తే కిందిది ముడతలు పడి లేస్తుంది. మాస్కు కట్టుకుని, గాలి ఆడే చోట చేయండి.

అపోహ: రంగు బరువు ఎంతని, కొంచెమే కదా.

వాస్తవం: ఈ లెక్క చూడండి. రాకెట్ పొడవు 45 సెం.మీ., బరువు 60 గ్రాములు, మొన నుంచి 28 సెం.మీ. దగ్గర వేలి మీద సరితూగుతోంది. రెక్కల దగ్గర, అంటే 42 సెం.మీ. చోట, రంగు, జిగురు కలిపి 6 గ్రాములు పెరిగాయి. తూగే చోటు 29.3 సెం.మీ.కు జారింది. 25 మి.మీ. గొట్టానికి అది సగం వెడల్పు. గాలి ఒత్తిడి పనిచేసే చోటు కన్నా తూగే చోటు కనీసం ఒక గొట్టం వెడల్పు ముందుండాలి, లేకపోతే రాకెట్ గాల్లో తలకిందులై గింగిరాలు కొడుతుంది. దాన్ని మళ్లీ 28కి తేవాలంటే మొనలో ఇంకో మూడున్నర గ్రాముల మట్టి పెట్టాలి. ఆరు గ్రాముల అశ్రద్ధకు మొత్తం దాదాపు పది గ్రాములు మోయాలి.

పరీక్ష తేలికే. మోటారు బరువుకు సమానంగా తోకలో మట్టి పెట్టి, తూగే చోట దారం కట్టి, రెండున్నర మీటర్ల దారంతో తల చుట్టూ తిప్పండి. మొన ముందుకే చూస్తూ తిరిగితే సరే. ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలతలు ఎక్కించినా తెలుస్తుంది. కాకపోతే అందులో రంగు, జిగురు వేశాక కాటా చూపిన బరువే రాయాలి.

అపోహ: నీళ్ల రాకెట్‌లో నీళ్లెక్కువైతే ఎత్తెక్కువ.

వాస్తవం: నీళ్లు తోసేది గాలి. సీసాలో మూడో వంతు, ఇంకా కొంచెం తక్కువ నీళ్లు చాలు. గ్యాసున్న కూల్‌డ్రింక్ 2 లీటర్ల సీసానే వాడండి, మంచినీళ్ల సీసా ఒత్తిడికి పనికిరాదు. సైకిల్ పంపుతో కొట్టే ఒత్తిడి 50 పీఎస్ఐ దగ్గర ఆపండి. సీసాను ఎమరీ పేపర్‌తో రుద్దడం, వేడి జిగురు పెట్టడం, నేరుగా స్ప్రే కొట్టడం మూడూ ప్లాస్టిక్‌ను బలహీనం చేస్తాయి. థిన్నర్ తగిలిన చోట కంటికి కనబడని పగుళ్లు మొదలై, ఒత్తిడిలో అక్కడే చీలుతుంది. చార్టు పేపర్‌తో తొడుగు చేసి, రెక్కలు దానికే అంటించి, రంగు దానికే వేసి, ఆరాక సీసాకు తొడగండి. విడుదల దారం కనీసం 5 మీటర్లు, కళ్లకు అద్దాలు.

అపోహ: పారాచూట్ పెద్దదైతే రాకెట్ భద్రం.

వాస్తవం: 100 గ్రాముల రాకెట్‌కు 40 సెం.మీ. వెడల్పు చాలు, సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో దిగుతుంది. అంతకన్నా పెద్దదైతే గాలికి ఊరు దాటిపోతుంది. మడిచే ముందు టాల్కం పౌడర్ చల్లితే పాలిథీన్ ఒకదానికొకటి అంటుకోదు.

చోటు సంగతి. మోటారుతో ఎగిరే చోట పత్తి కట్టె ఎండి నిలబడిన చేలు, కోత తర్వాత గడ్డి మిగిలిన పొలాలు అసలే వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. ఏమీ వేయని చెల్క మేలు. మామునూరు విమానాశ్రయం చుట్టుపక్కలకు ఏ రాకెట్‌తోనూ పోవద్దు. గాలి గంటకు 32 కిలోమీటర్లు దాటితే ఆ రోజు ఎగరేయొద్దు. బటన్ నొక్కినా మోటారు అంటుకోకపోతే కరెంటు తీసేసి, ఒక నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్లాలి.