ఇంటాంజిబుల్: నలగని అచ్చు

ఇంటాంజిబుల్ అంటే ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది అని ఒక పాఠకురాలు అడిగారు. అర్థం తేలికే. ఉందని తెలుస్తుంది, చేత్తో తాకి చూపలేం. కంపెనీకి భవనాలు, యంత్రాలు ఒక రకం ఆస్తి. పేటెంటు, బ్రాండు, గుడ్‌విల్ ఇంటాంజిబుల్ ఆస్తి. 2003లో యునెస్కో ఒప్పందం పాటలనూ నాట్యాలనూ చేతిపనుల నేర్పునూ ఈ మాటతోనే వారసత్వంలో చేర్చింది. దీన్ని 'అంటరానిది' అని మాత్రం తెలుగు చేయకండి. ఆ మాట వెనక ఉన్న చరిత్ర వేరు.

నాకు సరదా అంతా పుట్టుకలోనే. లాటిన్‌లో తంగెరె అంటే తాకడం. ధాతువు తగ్. మన 'తగులు' ఇదేనని సంబరపడేవాళ్లు ఉంటారు. చెవికి ఒకేలా వినిపిస్తే చుట్టరికం కుదిరిపోదు. తగులు ద్రావిడ మాట, కన్నడంలోనూ ఉంది. అసలు చుట్టం సంస్కృతంలో దొరుకుతుంది, అదీ అర్థంలో కాదు, వ్యాకరణంలో. తగ్ మధ్యలో అనునాసికం, అంటే ముక్కుతో పలికే ధ్వని, దూరి తంగ్ అయింది కదా? సంస్కృత వ్యాకర్త పాణిని 'రుధాది' అనే ధాతువుల గుంపులో (గణంలో) 'శ్నమ్' అని చేర్పించింది ఇలాంటిదాన్నే: యుజ్ నుంచి యునక్తి, ఛిద్ నుంచి ఛినత్తి. యుజ్‌కి తోబుట్టువైన లాటిన్ యుంగెరెలోనూ అదే అనునాసికం. గణాలను బట్టీ పట్టించే మాస్టర్లు ఈ ఒక్క పోలిక చెబితే పిల్లలు నిద్రపోరు.

ఇక అచ్చు సంగతి. పాత లాటిన్‌లో మాట మొదటి అక్షరాన్ని ఒత్తి పలికేవారు. ఆ దెబ్బకి నడుమ ఉన్న హ్రస్వ 'అ' నలిగిపోయేది. తంగెరె ముందు 'కొన్' చేరితే కొంతింగెరె, అంటే 'అ' కాస్తా 'ఇ'. కాంటింజెంట్ అందులోంచే వచ్చింది. తగ్ ముందు 'కాదు' అనే అర్థంలో 'ఇన్' చేరిన పాత రూపం ఇంతెగెర్. ఇక్కడ 'అ' 'ఎ' అయింది. ఎవరూ తాకనిది, కాబట్టి తరగనిది, పూర్తిగా ఉన్నది. లెక్కల్లో ఇంటీజర్, పూర్ణాంకం, ఇదే. అంటువ్యాధికి వాడే కాంటేజియన్‌కు మూలం కొంతాగియో. అందులో 'ఆ' దీర్ఘం కనక నలగలేదు.

మరి ఇంటాంజిబుల్‌లో? అక్కడ లాటిన్ అచ్చు హ్రస్వమే, అయినా చెక్కుచెదరలేదు. ఎందుకంటే ఆ మాట కొత్తది. మొదటి అక్షరాన్ని ఒత్తే ఆ అలవాటు పోయి శతాబ్దాలు గడిచాక, మధ్యయుగపు లాటిన్‌లో, 'తాకదగిన' అనే సిద్ధమైన మాటకి 'ఇన్' అతికించి చేసింది. నలగ్గొట్టే ఒత్తే అప్పటికి లేదు. ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో చేరింది. అంటే ఇంటీజర్‌కీ దీనికీ ముడిసరుకు ఒకటే, 'ఇన్', 'తగ్'. ఏది ముందు పుట్టిందో ఆ ఒక్క అచ్చే చెప్పేస్తుంది.

టాంజెంట్ కూడా ఈ ఇంటిదే. వృత్తాన్ని తాకి వెళ్లే గీతకి 1583లో డెన్మార్క్ గణితజ్ఞుడు థామస్ ఫింకె పెట్టిన పేరు. టాంజరిన్ పండు మాత్రం కాదు. దాని పేరు మొరాకోలోని టాంజియర్ నుంచి వచ్చింది.