గడ్డ లోపలుండగానే కీమో ఎందుకు?

కావలి దగ్గర ఉండే మా పిన్నికి రొమ్ములో క్యాన్సర్ గడ్డ బయటపడేసరికే అది నిమ్మకాయ సైజు దాటి బత్తాయికి దగ్గరైంది, చంకలో బిళ్ళలు కట్టాయి. నెల్లూరులో డాక్టరు ముందు కీమో, అంటే క్యాన్సర్ కణాల్ని చంపే మందులు, తర్వాతే ఆపరేషన్ అన్నాడు. మా బాబాయికి టెన్షన్. "కోసి అవతల పారేయకుండా నెలల తరబడి ఈ సెలైన్లు ఏందబ్బా?"

న్యాయమైన అనుమానమే. కానీ గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, చర్మానికో ఛాతీ గోడకో పట్టేసినా, చంకలో బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుపోయినా, నేరుగా కోస్తే అంచుల్లో జబ్బు మిగిలిపోవచ్చు. పైగా అప్పటికే రక్తంలోకి జారుకున్న కణాలేమైనా ఉంటే వాటిని కత్తి అందుకోలేదు, నరంలోకి ఎక్కించే మందైతే ఒళ్ళంతా తిరుగుతుంది.

మరి ఆలస్యమైతే? అమెరికాలో 1988లో మొదలైన బి-18 అనే పరీక్షలో 1,500 మందికి పైగా ఆడవాళ్ళకి అవే మందులు కొందరికి ఆపరేషన్‌కి ముందు, కొందరికి తర్వాత ఇచ్చి చూశారు. ప్రాణాలు నిలవడంలో తేడా రాలేదు, కాకపోతే ముందు ఇచ్చినవాళ్ళలో ఎక్కువమందికి రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ వరకే తీస్తే సరిపోయింది.

నాకు మాత్రం ఇందులో అసలు తెలివి వేరే చోట కనిపిస్తుంది. గడ్డ తీసేశాక మందు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఏముంటుంది? లోపలుంటే స్కేలు పెట్టి కొలవొచ్చు, తగ్గకపోతే మందు మార్చొచ్చు. ఆపరేషన్ తర్వాత మైక్రోస్కోపు కింద బతికున్న క్యాన్సర్ కణాలు మిగిలాయని తేలితే అదనంగా ఇంకో మందు ఇస్తారు, హార్మోన్ మాత్రలు పనిచేయని ట్రిపుల్ నెగెటివ్ రకంలో కాపెసిటాబిన్ మాత్రల్లాంటివి. ఒంట్లోని హార్మోన్లతో పెరిగే హార్మోన్ పాజిటివ్ రకం గడ్డలు కీమోకి పూర్తిగా కరగడం తక్కువే, దానికి బెంగపడక్కర్లేదు, వాటికి హార్మోన్ మాత్రలున్నాయి.

పిన్నికి ఎక్కించింది డాక్సోరుబిసిన్, చూడ్డానికి ఎర్రగా రోజ్‌మిల్క్‌లో కలిపే సిరప్‌లా ఉంటుంది. ఆ సాయంత్రం మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకొని ఏడ్చేసింది. అది మందు రంగే. భయపడాల్సింది జ్వరానికి: వారం, రెండు వారాల మధ్యలో తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు 100.4 వచ్చిందంటే ఆర్‌ఎంపీ సూదితో సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

నాలుగో డోసు అయ్యాక చేతికి గడ్డ తగల్లేదు. "పోయిందిగా, ఇంక ఆపరేషన్ ఎందుకురా?" అంది పిన్ని. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. చేతికి తగలనంత మాత్రాన కణాలు లేనట్టు కాదు, కోసి చూస్తేనే తెలుస్తుంది. మరి కనపడని గడ్డని కోసేదెట్లా? కీమో మొదలుపెట్టే ముందే సూదితో గడ్డ మధ్యలో బియ్యపు గింజకన్నా చిన్న లోహపు క్లిప్పు పెట్టారు. మామోగ్రామ్ ఫిల్ములో గడ్డ నీడ పోయింది గానీ ఆ తెల్ల చుక్క ఉన్నచోటే ఉంది. సర్జన్ దాని చుట్టూ కోశాడు.