సంతకం ఉంది, షీటు మాటే లేదు

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి మీద ఆదోని వైపు కుటుంబం పెట్టిన ఫిర్యాదు మళ్లీ రచ్చకెక్కింది. ఆ ఇంటావిడకు రొమ్ము ఆపరేషన్ తర్వాత లోపల నీరు చేరకుండా ‘ఒంట్లో కలిసిపోయే షీటు’ వేశామన్నారు. డిశ్చార్జి అయ్యాక, కేసు కాగితాల జిరాక్సులో స్టిక్కర్ మీద ‘పోర్సైన్’ అని కనబడింది. కొడుకు ఫోన్‌లో వెతికితే, పంది నుంచి తీసినదని వచ్చింది.

ఆ నీటిని బయటికి తీసే గొట్టాల కథను 1890 నాటి పెన్‌రోజ్ రబ్బరు గొట్టం నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. గొట్టంతో బాధేమిటో ఆపరేషనైన ఇంట్లో అందరికీ తెలుసు. ప్లాస్టిక్ డబ్బాను పిన్నీసుతో చీరకు తగిలించుకోవాలి. పొద్దున్నే గీత చూసి ఎన్ని ఎం.ఎల్. వచ్చిందో క్యాలెండర్ వెనక రాయాలి. రోజుకు 30 ఎం.ఎల్. లోపుకు దిగితే గానీ చాలాచోట్ల గొట్టం తీయరు.

ఆ తిప్పలు తగ్గించాలనే జంతువుల పొరల వైపు చూశారు. 1989లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ బృందం చిన్నపేగు పొరతో కుక్కల్లో పెద్ద రక్తనాళం వేసి చూసింది. తర్వాత పంది పేగు, పశువుల చర్మం, న్యూజిలాండ్‌లో గొర్రె కడుపు పొర వచ్చాయి. కణాలన్నీ కడిగేసి కొల్లాజెన్ అనే ప్రొటీన్ అల్లిక మాత్రం ఉంచుతారు. దాన్ని ఖాళీలో పరిచి పంపుతో లాగితే నీరు బయటికొస్తుంది, చర్మం, కండ అతుక్కుంటాయి. పంపు తీసేసినా పొర లోపలే ఉండి మన కణజాలంగా మారుతుంది. అయితే రొమ్ము పునర్నిర్మాణంలో వాడే చర్మపు షీట్లతో నీరు ఎక్కువే చేరిందని చెప్పిన అధ్యయనాలూ ఉన్నాయి.

నన్నడిగితే ఈ గొడవకు జవాబు ల్యాబులో లేదు, 2008 జనవరి 16 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. ఆ కేసు వేసిన సమీరా కోహ్లీ సంతకం చేసింది కడుపులోకి సన్నని గొట్టం పంపి చూసే లాపరోస్కోపీకి. ఆమె మత్తులో ఉండగా తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు ఒకదానికి ఇచ్చిన ఒప్పుదల ఇంకోదానికి చెల్లదని, ఏం చేస్తారో, వేరే దారులేమిటో, ప్రమాదమేమిటో ముందే చెప్పాలని కోర్టు తేల్చింది.

‘సంతకం పెట్టారు, అడిగుంటే చెప్పేవాళ్లం’ అంటోంది ఆసుపత్రి. ‘పోర్సైన్ అంటే ఏందో తెలిస్తే కదా సార్ అడిగేది? గొర్రెదైతే మాకు పేచీ లేదు, ఇది ఒంట్లో పెట్టించుకునేదా?’ అంటాడు భర్త. డబ్బు వెనక్కి ఇమ్మని కూడా ఆయన అడగడం లేదు, ఎందుకు చెప్పలేదో చెప్పమంటున్నాడు.

ఆ ఒప్పుదల కాగితం నేనూ చూశాను. మొత్తం ఇంగ్లీషే. పేరు, వయసు, ఎడమ రొమ్ము, మత్తు వల్ల ప్రమాదాలు, అన్నీ ఉన్నాయి. ఇంప్లాంట్ వివరాలు రాసే గీత మాత్రం ఖాళీ. దాని కిందే ఆమె వేలిముద్ర.