ఇంటి చదువు: ఊరి అపోహలు కొన్ని, నావి కొన్ని

"పాప ఏ బడిలో చదువుతోందమ్మా?" అని రైతుబజారులో కూరలమ్మే ఆమె అడిగింది. "ఇంట్లోనే" అన్నాను. తక్కెడలో వేయబోయిన తూనికరాయి ఆమె చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో, ఏమైంది తల్లీ?" అంది.

మా అమ్మాయికి ఏమీ కాలేదు. ఏడేళ్లు. రెండేళ్లుగా శ్రీకాకుళంలో మా ఇంట్లోనే చదువుకుంటోంది. పెళ్లిళ్లలో, బస్సుల్లో, మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు పక్కింటి గోడ మీదుగా విన్న మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: బడికి పంపకపోతే కేసు పెడతారు.

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు ఇంత శిక్ష అని మాత్రం అందులో లేదు. ఇంటి చదువు ఎంచుకున్నవారికి ఈ చట్టం అడ్డురాదని కేంద్రం 2012లో ఢిల్లీ హైకోర్టుకు తెలిపింది. రేపు మా మనసు మారితే వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని చెప్పేదీ ఆ చట్టమే. పదో తరగతికి ఓపెన్ స్కూల్ ఉంది, పద్నాలుగేళ్లు నిండితే చాలు. ఈ పేరా మా మామగారి కోసం. ఆయన ఇప్పటికి మూడుసార్లు విన్నారు, నాలుగోసారీ అడుగుతారు.

అపోహ: ఇంటి చదువంటే పిల్లను రోజుకో చోటికి తిప్పడం.

ఇది ఊరి అపోహ కాదు, నాదే. మొదటి వారం సోమవారం అరసవల్లి, మంగళవారం శ్రీకూర్మం, బుధవారం సాలిహుండం కొండ, గురువారం కళింగపట్నం, శుక్రవారం శ్రీముఖలింగం. శనివారం జ్వరం. సాలిహుండంలో ఏం చూశావని అడిగితే "కుక్కపిల్ల" అంది. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం గురించి నేను ఎండలో అరగంట చెప్పాను. ఆ అరగంటా అది కుక్కపిల్లనే చూస్తూ ఉంది.

ఇప్పుడు వారానికి ఒక్కటే ప్రయాణం, బుధవారం. గురువారం దాని గురించి మాటలు, బొమ్మలు. మంగళవారం గ్రంథాలయం, శనివారం రైతుబజారు. ఆదివారం సెలవు.

సోమవారం పాఠానికి మెట్లెక్కితే చాలు. మెట్లగది గుమ్మంలో, ఎప్పుడూ ఒకే గడప మీద నిలబడి, సూర్యుడు పిట్టగోడకు పైన ఎక్కడ పొడిచాడో పాప వేలు చూపిస్తుంది. అక్కడ నేను బొగ్గుతో గీత గీస్తాను, తేదీ వేస్తాను. డిసెంబరులో గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "సూర్యుడు ఆగిపోయాడు" అని కంగారు పడింది. మార్చికి వచ్చేసరికి గీతకూ గీతకూ మధ్య దాదాపు జానెడు. అరసవల్లి సూర్యదేవుడి గుడిలో మూలవిరాట్టు పాదాలను కిరణాలు ఏడాదికి రెండుసార్లు, మార్చి 10 ప్రాంతంలోనూ అక్టోబరు 2 ప్రాంతంలోనూ ఎందుకు తాకుతాయో ఆ గోడే చెప్పింది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20కి మొదటిది పది రోజుల ముందు, సెప్టెంబరు 23కు రెండోది తొమ్మిది రోజుల తర్వాత. అంటే రెండుసార్లూ సూర్యుడు దాదాపు ఒకే చోట పొడుస్తాడు. ఆ రెండు వారాల గీతలూ మా పిట్టగోడ మీద పక్కపక్కనే ఉన్నాయి. వానకు సగం చెరిగినా కనిపిస్తున్నాయి.

అపోహ: నేర్పే తల్లికి అన్నీ తెలిసి ఉండాలి.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల మీద పెలికాన్ల గూళ్లు చూపిస్తూ, "ఇవి సైబీరియా నుంచి వస్తాయి" అని ధీమాగా చెప్పాను. నేను చిన్నప్పటి నుంచి విన్నది అదే. పాప కాసేపు చూసి, "చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఇల్లు కట్టుకుంటారా అమ్మా?" అంది.

జవాబు లేదు. ఇంటికొచ్చి చదివాను. చలికి తట్టుకోలేక ఉత్తరాది దేశాల నుంచి మన దగ్గరికి వచ్చే పక్షులు ఇక్కడ గూడు కట్టవు, వేసవికి తమ చోటికి తిరిగి వెళ్లాకే పిల్లలను చేస్తాయి. ముక్కు మీద మచ్చలుండే ఈ పెలికాన్లు దక్షిణాసియావే. గుడ్లు పెట్టే కాలానికి అనువైన ఊరు చూసుకుని వస్తాయి, అంతే. పాప ముందు తప్పు ఒప్పుకున్నాను. అప్పటి నుంచి నేనేం చెప్పినా "చూసి చెప్పావా, విని చెప్పావా?" అని అడుగుతోంది. కొంచెం విసుగ్గానే ఉంటుంది.

తెలియని చోట తెలిసినవాళ్ల దగ్గరికి వెళతాం. ఆమదాలవలసలో ప్యాసింజరు రైలెక్కితే దూసి దాటగానే పొందూరు. అక్కడ నూలు వడికే ఒక మామ్మ గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతోంది. ఆ దవడకు సూదుల్లాంటి సన్నని పళ్లు, వరుసలు వరుసలుగా. చెత్తంతా పళ్లకు చిక్కుతుంది, పోగులు తిన్నగా సాగి మెత్తబడతాయి. గింజ తీసేది ఆ తర్వాతే. పాప పళ్లు లెక్కపెట్టబోయి ఇరవై దాటాక తప్పిపోయింది, మళ్లీ మొదలెట్టింది, మళ్లీ తప్పింది. "నలభై ఏళ్లుగా పట్టుకుంటున్నాను, నాకే తెలియదమ్మా" అని మామ్మ నవ్వింది. తర్వాత దవడను దాని చేతికిచ్చి, మణికట్టు ఎంత వంచాలో తన చేత్తో పట్టి చూపించింది. నేను మాట్లాడకుండా కూర్చున్నాను. అది నేను ఆలస్యంగా నేర్చుకున్న పని.

అపోహ: నలుగురితో కలవడం రాదు.

మా వీధి పిల్లలు నాలుగున్నరకు బడి నుంచి వస్తారు. మా అమ్మాయి నాలుగుంబావుకే చెప్పులేసుకుని గేటు దగ్గర ఉంటుంది. ఐదున్నరకు ట్యూషను వాళ్లను ఎత్తుకుపోతుంది. కలవడానికి తీరిక ఎవరికి లేదో మీరే చూసుకోండి.

అపోహ: లెక్కలు రావు.

కిలో ముప్పై రూపాయల వంకాయలు ముప్పావు కిలో తీసుకుంటే ఎంతో చెప్పగలదు. ఎక్కాలు మాత్రం ఆరు దగ్గర ఆగాయి.

అపోహ: చేతిరాత పాడవుతుంది.

ఇది అపోహ కాదు, మా ఇంట్లో నిజమే. బడిలో నలభై మంది రాస్తుంటే నలభై ఒకటో పిల్ల కూడా రాస్తుంది. ఇంట్లో ఒక్కతే కూర్చుని ఒకే వాక్యం పదిసార్లు రాయమంటే పెన్సిలు చెక్కడానికి గంట పడుతుంది. కాపీ పుస్తకాలు రెండు కొన్నాను, రెండూ తెల్లగానే ఉన్నాయి.

వచ్చే బుధవారం మళ్లీ పొందూరు. తీసుకెళ్లాల్సినవి నిన్న తానే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది: "నీళ్లు, జంతికలు, భూతదం." భూతద్దం ఎందుకని అడిగితే, పళ్లు ఇంకా లెక్క తేలలేదు కదా అంది. ద వత్తు సంగతి నేనింకా ఎత్తలేదు.