కాలేజ్ ఫుట్‌బాల్ ఫార్మేషన్లు, ప్లే కాలింగ్: అపోహలు - వాస్తవాలు

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్. ఒక కాలేజ్ టీమ్‌లో అఫెన్స్ (బంతి చేతిలో ఉన్న వైపు) కోచ్‌లకి ఫిల్మ్ కట్ చేసిపెట్టి, ప్రతి స్నాప్‌నీ (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) చార్ట్ చేయడం నా పని. ఏ ఫార్మేషన్ (ఆటగాళ్లు నిలబడే తీరు), ఎన్నో డౌన్ (పది యార్డుల కోసం దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని యార్డులు కావాలి, డిఫెన్స్ ఎలా నిలబడింది, ఏం కాల్ చేశారు, చివరికి ఏం జరిగింది, ఇవన్నీ రాసుకోవాలి. టెక్సస్‌లో, ఒహాయోలో, జార్జియాలో చదువుకుంటున్న మన పిల్లలు, అక్కడే స్థిరపడిన కుటుంబాలవాళ్లు ఇప్పుడు శనివారం మ్యాచ్‌లకి బాగా అలవాటుపడ్డారు, వాదనలు కూడా గట్టిగానే చేస్తున్నారు, నాకది చాలా సంతోషం. అయితే ఆ వాదనలు ఎక్కువగా ఫార్మేషన్ పేరు దగ్గరే ఆగిపోతున్నాయి. ఫార్మేషన్ పని డిఫెన్స్ మనుషుల్ని మనకి కావలసిన చోటికి లాగడం. వాళ్లు అలా సర్దుకున్నాక ఎక్కడ మనిషి తక్కువయ్యాడో చూసి బంతిని అక్కడికి చేర్చడం ప్లే పని. ఈ రెంటినీ కలిపేస్తే కింద రాసిన అపోహలన్నీ వస్తాయి.

అపోహ: స్ప్రెడ్ అంటే పాస్‌ల అఫెన్స్

స్ప్రెడ్‌లో లాగా నలుగురు రిసీవర్లు (పాస్ అందుకునేవాళ్లు) దూరదూరంగా నిలబడి, క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ప్లే నడిపేవాడు) షాట్‌గన్‌లో, అంటే బంతి అందించే సెంటర్‌కి కొంచెం వెనక్కి, ఉంటే, పాస్ వస్తోందని టీవీ ముందు అందరూ అనేస్తారు. మేం చూసేది వేరే లెక్క. బంతికి దగ్గరగా, లైన్ ముందు ఉండే చోటుని బాక్స్ అంటారు. మనం ఒక రిసీవర్‌ని బయటికి పంపితే అతన్ని కాయడానికి అటువైపు నుంచి ఒకడు బయటికి వెళ్లక తప్పదు, నలుగురిని పంపితే బాక్స్‌లో చాలాసార్లు ఆరుగురే మిగులుతారు. అంటే రన్‌కి దారి తెరుచుకుంది.

ఇంకో చిక్కు ఉంది. మామూలు రన్‌లో క్వార్టర్‌బ్యాక్ బంతి చేతికిచ్చి తప్పుకుంటాడు కాబట్టి డిఫెన్స్‌కి ఎప్పుడూ ఒక మనిషి ఎక్కువే. జోన్ రీడ్ అనే ప్లే ఆ తేడాని పూడ్చింది. లైన్ చివర ఉన్న డిఫెన్సివ్ ఎండ్‌ని కావాలనే బ్లాక్ చేయకుండా వదిలేస్తారు. అతను రన్నింగ్ బ్యాక్ (బంతి తీసుకుని పరిగెత్తేవాడు) వెంటపడితే క్వార్టర్‌బ్యాక్ బంతి తనే ఉంచుకుని అతను ఖాళీ చేసిన వైపు పరిగెడతాడు, అతను ఉన్నచోటే ఉండిపోతే బంతి ఇచ్చేస్తాడు. చేయి కూడా వేయకుండా ఒక డిఫెండర్‌ని ఆటలోంచి తీసేసినట్టే. కోచ్ రిచ్ రోడ్రిగెజ్ 1990ల మొదట్లో వెస్ట్ వర్జీనియాలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో దీన్ని అలవాటు చేశాడు, పదిహేనేళ్లు తిరిగేసరికి దేశమంతా అదే ఆడుతోంది.

2010 సీజన్ జాతీయ టైటిల్ మ్యాచ్ తీసుకోండి, ఆబర్న్ 22-19తో ఒరెగాన్ మీద గెలిచింది. రెండూ స్ప్రెడ్ టీమ్‌లే. ఆ సీజన్‌లో దేశంలోకెల్లా ఎక్కువ రన్నింగ్ యార్డులు, 1,731, చేసింది ఒరెగాన్ రన్నింగ్ బ్యాక్ లామైకల్ జేమ్స్. ఆబర్న్ క్వార్టర్‌బ్యాక్ కామ్ న్యూటన్ తన కాళ్ల మీదే 1,473 యార్డులు తెచ్చాడు. చూడ్డానికి అదే బొమ్మ, కానీ టెక్సస్ టెక్‌లో కోచ్ మైక్ లీచ్ దాన్నుంచి మ్యాచ్ పొడుగునా పాస్‌లే వేయించాడు. కాబట్టి "స్ప్రెడ్ ఆడతారు" అన్న మాటలో ఆ టీమ్ గురించి మీకు తెలిసేది చాలా తక్కువ. బంతి చేతికి అందగానే క్వార్టర్‌బ్యాక్ ఎవర్ని చూస్తున్నాడన్నది అడగండి.

అపోహ: మనం చూసిన ప్లేనే కోచ్ కాల్ చేశాడు

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే దీనివల్లే ప్లేలు కాల్ చేసే మంచి కోఆర్డినేటర్లని కూడా జనం తిట్టిపోస్తారు. థర్డ్ అండ్ టూలో (మూడో డౌన్, ఇంకా రెండు యార్డులు కావాలి) జనం కిక్కిరిసిన మధ్యలోకి రన్ పెట్టి ఆగిపోయారనుకోండి, వెంటనే "బుద్ధి ఉన్నవాడెవడైనా అక్కడ రన్ కాల్ చేస్తాడా" అంటారు. చాలాసార్లు అక్కడ కాల్ చేసింది రన్ ఒక్కటే కాదు.

ఇప్పుడు కాలేజీల్లో సర్వసాధారణమైన ఆర్‌పీఓ అంటే రన్ పాస్ ఆప్షన్. లైన్‌మెన్ అందరూ రన్‌కి బ్లాక్ చేస్తారు, ఒక రిసీవర్ పాస్ రూట్ పరిగెడతాడు, క్వార్టర్‌బ్యాక్ ఒక్క డిఫెండర్‌ని, ఎక్కువగా పక్కనున్న లైన్‌బ్యాకర్‌ని (డిఫెన్స్ లైన్ వెనక నిలబడేవాడు), కనిపెట్టి చూస్తాడు. అతను ముందుకొస్తే వెనక ఖాళీ అయిన చోటికి పాస్, వెనక్కి ఉంటే బంతి రన్నింగ్ బ్యాక్‌కి. నేను ఫిల్మ్ కట్ చేస్తున్నప్పుడు కాల్ షీట్‌లో ఒకే పేరున్న ప్లే ఒక క్లిప్‌లో గార్డ్ (సెంటర్ పక్కన ఉండే లైన్‌మన్) వెనక రన్‌గా, ఇంకో క్లిప్‌లో స్లాంట్ (ఏటవాలుగా లోపలికి వచ్చే రూట్) పాస్‌గా కనిపిస్తుంది. చూసేవాళ్లకి అవి రెండు వేర్వేరు నిర్ణయాలు, మాకు ఒకే కాల్.

ఇది కాలేజీల్లో ఇంతగా పండడానికి రూల్ కూడా కారణం. ముందుకి వేసే పాస్‌లో లైన్‌మెన్ స్క్రిమ్మేజ్ గీత (బంతి పెట్టిన చోటి గీత) దాటి ఎంత దూరం వెళ్లొచ్చన్నదానికి హద్దు ఉంది, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 యార్డ్, కాలేజ్‌లో 3. ఆ రెండు యార్డుల తేడాలో గార్డ్ నిజంగా రన్‌కి బ్లాక్ చేస్తున్నట్టే ముందుకి దూసుకుపోగలడు, లైన్‌బ్యాకర్ నమ్మేస్తాడు.

2024 నుంచి పెద్ద డివిజన్‌లో కోచ్ నేరుగా హెల్మెట్‌లోని స్పీకర్ ద్వారా క్వార్టర్‌బ్యాక్‌తో మాట్లాడొచ్చు, అయితే స్నాప్‌కి మిగిలిన సమయం చూపే ప్లే క్లాక్ 15 సెకన్ల దగ్గరికి రాగానే అది ఆగిపోతుంది. మంచి డిఫెన్స్ తన అసలు రంగు బయటపెట్టేది ఆ తర్వాతే. లోతుగా నిలబడ్డ ఇద్దరు సేఫ్టీల్లో (అందరికన్నా వెనక కాసేవాళ్లు) ఒకడు మెల్లగా బాక్స్ వైపు దిగుతాడు, లేదా బ్లిట్జ్‌కి (క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకడానికి) వచ్చేవాడు ఒక అడుగు ముందుకేస్తాడు. దానికి జవాబు చెప్పాల్సింది మైదానంలో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు, స్టేడియంలో పైన గదిలో కూర్చున్న కోచ్ కాదు. అందుకే కాల్‌ని తిట్టే ముందు ఆ స్నాప్‌ని ఒక్కసారి వెనక్కి తిప్పి సేఫ్టీలు ఎంతమంది, బాక్స్‌లో ఎంతమంది అని లెక్కపెట్టండి, తప్పు కాల్‌దా, చదవడంలోనా, బ్లాకింగ్‌లోనా అన్నది కొంతవరకు అక్కడే తేలిపోతుంది.

అపోహ: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పనిచేసే ఫార్మేషన్ ఇక్కడా అలాగే పనిచేస్తుంది

మైదానం వెడల్పు రెండుచోట్లా 160 అడుగులే. తేడా హాష్ మార్కుల్లో ఉంది. ప్లే పక్కకి వెళ్లి ముగిస్తే తర్వాతి బంతి పెట్టేది ఆ గీతల మీదే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వాటి మధ్య దూరం పద్దెనిమిదిన్నర అడుగులు, కాలేజ్‌లో 40. కాలేజ్‌లో బంతి ఎడమ హాష్ మీద ఉంటే ఎడమవైపు 60 అడుగులు, కుడివైపు 100. అదే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సుమారు 71, 89. ఈ 100 అడుగుల వైపుని ఫీల్డ్ అనీ, ఇరుకు వైపుని బౌండరీ అనీ అంటాం, కాలేజ్ డిఫెన్స్‌లు చాలావరకు తమ మనుషుల్ని ఈ లెక్కన పంచుతాయి. చురుకైన లైన్‌బ్యాకర్, పరిధి ఎక్కువున్న సేఫ్టీ ఫీల్డ్ వైపు ఉంటారు.

అందుకే మా అఫెన్స్‌లు కొన్నిసార్లు ముగ్గురు రిసీవర్లని కావాలనే ఇరుకు వైపు నిలబెడతాయి. డిఫెన్స్ తన అలవాటు ప్రకారం మంచి కవర్ మనుషుల్ని విశాలమైన వైపే ఉంచితే ఇరుకు వైపు మనకి మనిషి ఎక్కువ, అందర్నీ ఇటు మార్చితే అటు వంద అడుగుల్లో మన మంచి రిసీవర్ ఒక్కడికి ఒక్కడే. "అంత చోటు వదిలేసి మూలకి ఎందుకు కుక్కుకున్నారు" అని టీవీ దగ్గర విసుక్కునేది సరిగ్గా ఈ ఫార్మేషన్ గురించే. ఇంకోటి, దూరపు హాష్ నుంచి ఫీల్డ్ వైపు గీత దగ్గరికి వేసే అవుట్ రూట్ (బయటివైపు తిరిగే రూట్) పాస్‌కి ఎన్‌ఎఫ్‌ఎల్ స్థాయి చేయి కావాలి, బంతి గాలిలో ఉన్నంతసేపు రిసీవర్‌ని కాసే కార్నర్‌బ్యాక్ దూరం తగ్గించుకుంటూనే ఉంటాడు. ఆ పాస్ కాల్ చేయకపోవడం పిరికితనం కాదు.

అపోహ: ప్లేలు తక్కువుంటే తేలిగ్గా పట్టేస్తారు

2023 నవంబరులో మిషిగన్ పెన్ స్టేట్ గడ్డ మీద 24-15తో గెలిచింది, ఆ మ్యాచ్‌లో చివరి 32 ప్లేలు వరసగా రన్‌లే. స్టేడియంలో లక్షమందికి తెలుసు ఏం రాబోతోందో. అయినా ఆపలేకపోయారు. మిషిగన్ ఆ ఏడాది 15-0తో టైటిల్ గెలిచింది.

తెలియడం ఒకటి, ఆపడం ఒకటి. ఇంకా ముఖ్యమైంది, కాలేజ్ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రూల్ ప్రకారం సీజన్‌లో ఆటకి సంబంధించిన పనికి వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు మించకూడదు, మ్యాచ్ రోజుని 3 గంటల కింద లెక్కేస్తారు. మీటింగులు, ఫిల్మ్, ప్రాక్టీస్, జిమ్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. వంద ప్లేలు పెట్టి ఒక్కోదాన్ని రెండేసిసార్లు ఆడించడం కన్నా, ఇరవై ప్లేలు పెట్టి డిఫెన్స్ ఎన్ని రకాలుగా నిలబడగలదో అన్నిటి మీదా ఆడించడం మేలు. కోచ్ హాల్ మమ్మీ, లీచ్ కలిసి పెంచిన ఎయిర్ రెయిడ్ అనే పాస్‌ల అఫెన్స్ మొత్తం నిలబడ్డది దీనిమీదే. మెష్, ఫోర్ వర్టికల్స్, వై క్రాస్ లాంటి కొన్ని ప్లేలు, లీచ్ అయితే రిసీవర్లు వైపులు కూడా మార్చుకోకుండా అవే వందలసార్లు ఆడించేవాడు.

డిఫెన్స్ పట్టేసేది ప్లేల సంఖ్యని కాదు, అలవాట్లని. రన్నింగ్ బ్యాక్ టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడే రిసీవర్) ఉన్న వైపు నిలబడ్డప్పుడల్లా పాసే వస్తోందా, ఫలానా మోషన్ (స్నాప్‌కి ముందు ఒకడు పక్కకి జరగడం) తర్వాత బంతి ఎప్పుడూ అటే వెళ్తోందా, సెకండ్ అండ్ లాంగ్‌లో ఒకే ఫార్మేషన్‌లోంచి ఒకే పని చేస్తున్నామా. మ్యాచ్ లేని వారంలో నాకు నిద్ర లేకుండా చేసే పని ఇదే, మన ఫిల్మ్‌ని ప్రత్యర్థి కళ్లతో చూసి ఆ జాడలన్నీ లాగి కోచ్‌ల ముందు పెట్టాలి. కొత్త ప్లే కలపక్కర్లేదు, అదే ఫార్మేషన్‌లోంచి రెండో పని కూడా చేసి చూపిస్తే చాలు.

అపోహ: ముందు రన్ పండితేనే ప్లే యాక్షన్ పండుతుంది

ప్లే యాక్షన్ అంటే రన్‌కి బంతి ఇస్తున్నట్టు నటించి పాస్ వేయడం. ఎన్‌ఎఫ్‌ఎల్ లెక్కలు చూసినవాళ్లకి అలాంటి సంబంధమేదీ పెద్దగా దొరకలేదు. ఫిల్మ్‌లోనూ అంతే. లైన్‌బ్యాకర్ మొదటి అడుగు వేసేది స్కోర్‌బోర్డ్‌లో రన్ యార్డులు చూసి కాదు, ఎదురుగా ఉన్న గార్డ్ కదలిక చూసి. గార్డ్ రన్ బ్లాక్ లాగే దిగితే లైన్‌బ్యాకర్ ముందుకొస్తాడు, లేచి వెనక్కి జరిగితే రాడు. కాబట్టి ప్లే యాక్షన్ బాగోకపోతే ముందు లైన్ నేర్పు చూడండి.

అపోహ: ట్రిపుల్ ఆప్షన్ కాలం చెల్లింది

దీన్ని నేను ఒప్పుకోను. ట్రిపుల్ ఆప్షన్ అంటే ఒకే ప్లేలో బంతి మధ్యలోకి ఇవ్వాలా, క్వార్టర్‌బ్యాక్ తనే ఉంచుకోవాలా, బయట పరిగెత్తేవాడికి పిచ్ చేయాలా (పక్కకి విసరాలా) అన్నది డిఫెండర్లని చూసి తేల్చుకోవడం. 2022లో ఎన్‌సీఏఏ టాకిల్ బాక్స్ (లైన్‌లో ఇద్దరు టాకిల్‌ల మధ్య చోటు) బయట నడుం కింద బ్లాక్ చేయడాన్ని నిషేధించినప్పుడు ఆప్షన్ టీమ్‌లకి గట్టి దెబ్బే తగిలింది, బయటి పిచ్‌కి దారి తీసేది ఆ బ్లాకులే. మిలిటరీ అకాడమీ జట్టు ఆర్మీ 2023లో షాట్‌గన్‌కి మారింది, 6-6తో ముగిసింది. 2024లో మళ్లీ అండర్ సెంటర్‌కి (క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకే నిలబడి బంతి అందుకోవడం) వచ్చి, కొత్తగా చేరిన కాన్ఫరెన్స్‌లో (జట్ల లీగ్) మొదటి ఏడాదే టైటిల్ గెలిచి 12-2తో ముగించింది. క్వార్టర్‌బ్యాక్ బ్రైసన్ డేలీ ఒక్కడే 32 రన్నింగ్ టచ్‌డౌన్లు చేశాడు.

మిలిటరీ అకాడమీలకి 300 పౌండ్ల లైన్‌మెన్ కుప్పలుగా దొరకరు. బ్లాక్ చేయలేనివాణ్ని బ్లాక్ చేయకుండా వదిలి, అతని నిర్ణయం మీదే బంతి నడిపించడం ఆప్షన్ మూలం, పైన చెప్పిన జోన్ రీడ్‌కి ఇది తాత వరస. పైగా గడియారం వాళ్ల చేతిలో ఉంటుంది. 2018లో ఓక్లహోమా మీద ఆర్మీ 60 నిమిషాల్లో దాదాపు 45 నిమిషాలు బంతి తన దగ్గరే ఉంచుకుంది, క్వార్టర్‌బ్యాక్ కైలర్ ముర్రే ఉన్న జట్టుని ఓవర్‌టైమ్ దాకా లాగి 28-21తో ఓడింది. ఎంత గొప్ప అఫెన్సయినా బెంచీ మీద కూర్చుంటే పాయింట్లు రావు.

అపోహ: ట్రిక్ ప్లే అంటే జూదం

2007 జనవరి 1న ఫియస్టా బౌల్‌లో బోయిసీ స్టేట్ 43-42తో ఓక్లహోమాని ఓడించిన మ్యాచ్ అందరూ అలాగే గుర్తుపెట్టుకున్నారు. టచ్‌డౌన్ తర్వాత రెండు పాయింట్ల కోసం ఆడిన చివరి ప్లేని మెల్లగా తిప్పి చూడండి. ముగ్గురు రిసీవర్లు కుడివైపు, క్వార్టర్‌బ్యాక్ జారెడ్ జాబ్రాన్‌స్కీ తల, భుజాలు, కుడి చేయి అన్నీ అటే విసురుతున్నట్టు తిరిగాయి. డిఫెన్స్ కూడా అటే కదిలింది, కదలాలి, ముగ్గురు రిసీవర్లుంటే అటు కదలడమే వాళ్లకి నేర్పింది. బంతి మాత్రం ఎడమ చేత్తో వీపు వెనక నుంచి ఇయాన్ జాన్సన్‌కి అందింది, అతను తిరుగులేకుండా ఎడమవైపు గీత దాటాడు. అది అదృష్టం కాదు. ఫార్మేషన్ కుడివైపుకి మనుషుల్ని లాగింది, ఎడమవైపు ఆపడానికి ఎవరూ మిగల్లేదు.