పసిపిల్లల ఊపిరి లెక్క

దగ్గు ఎంత గట్టిగా వినిపిస్తే జబ్బు అంత పెద్దదని చాలా ఇళ్లలో అనుకుంటారు. పసిపిల్లల విషయంలో ఇది పొరపాటు. ఇల్లంతా వినబడేలా దగ్గే బిడ్డకు ఉన్నది ఉత్త జలుబే కావచ్చు. పెద్దగా దగ్గకుండానే గబగబా ఊపిరి తీస్తూ, పాలు వదిలేసిన బిడ్డకు న్యుమోనియా ఉండొచ్చు. ఈ తేడా కనిపెట్టడానికి సెకన్లు చూపే గడియారం పెట్టుకుని ఊపిరులు లెక్కపెడితే చాలు. పాపువా న్యూగినీలోని గోరోకాలో ఫ్రాంక్ షాన్, ఆయన సహచరులు 1980లలో చేసిన పరిశీలనల నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఆరోగ్య కార్యకర్తలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికీ దీన్నే నేర్పుతోంది.

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్టను చూడండి. ఒకసారి లేచి దిగితే ఒకటి. నిమిషం నిండా లెక్కపెట్టాలి. పసికందులు కాసేపు వేగంగా ఊపిరి తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు కాబట్టి 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది. రెండు నెలలు నిండని బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40. అంతకు చేరినా, దాటినా వేగంగా ఉన్నట్టే. రెండు నెలల లోపు బిడ్డకు 60కి చేరినా, దాటినా మరోసారి లెక్కపెట్టి నిర్ధారించుకోవాలి. వేగం ఎందుకంటే, గాలి గదుల్లో నీరు, చీము చేరి ఊపిరితిత్తులు బిరుసెక్కుతాయి. నిండుగా పీల్చడం కష్టమై, బిడ్డ చిన్న చిన్న ఊపిరులతో సరిపెట్టుకుంటుంది.

తర్వాత డొక్కలు చూడండి. మామూలుగా గాలి పీల్చినప్పుడు ఛాతీ, పొట్ట రెండూ పైకి లేస్తాయి. జబ్బు ముదిరితే, పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింది అంచు లోపలికి పోతుంది. పసిపిల్లల ఎముకలు మెత్తన కావడంతో ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే ఊపిరి కండరం (ఉదరవితానం) గట్టిగా లాగినప్పుడు అవి వంగిపోతాయి. ముక్కుపుటాలు అదరడం, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు రావడం కూడా ప్రమాదమే. గాలి గదులు మూసుకుపోకుండా బిడ్డ గొంతు బిగించి గాలిని ఆపుకుంటున్నప్పుడు వచ్చే చప్పుడే ఆ మూలుగు.

రక్తంలో ఆక్సిజన్ తగ్గితే వచ్చే నీలిరంగు కోసం మాత్రం ఎదురుచూడకండి. చామనఛాయ పిల్లల్లో పెదవులు, గోళ్ల కంటే నాలుక, చిగుళ్ల మీద రంగు బాగా తెలుస్తుంది. రక్తం తక్కువైన బిడ్డకు అక్కడ కూడా ఆలస్యంగానే కనబడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 6–59 నెలల పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే మన పిల్లల్లో చాలామందికి ఈ గుర్తు ఆలస్యంగా కనబడవచ్చు.

ఇంకొకటి చాలామందిని మోసం చేస్తుంది. గబగబా ఊపిరి తీసిన బిడ్డ మగతగా మారి, వేగం తగ్గితే నయమైందనుకుంటారు. అది కండరాలు అలసిపోయి ఊపిరి ఆగబోతున్న దశ కావచ్చు. పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా లేవకపోవడం, డొక్కలెగరేయడం, మూలుగు, ఏడవనప్పుడు కూడా పీల్చేటప్పుడు కీచుమనే శబ్దం, వీటిలో ఏది ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రెండు నెలలలోపు బిడ్డకు ఊపిరి వేగం ఒక్కటే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంతకంటే పెద్ద బిడ్డకు వేగం మాత్రమే ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించండి.

అంబులెన్సు వచ్చేలోపు బిడ్డను ఒళ్లో నిటారుగా, తనకు నచ్చినట్టు కూర్చోనివ్వండి. బలవంతంగా పడుకోబెట్టొద్దు, నోట్లో ఏమీ పోయొద్దు. ముక్కులో నూనె చుక్కలు వేయడం ఏ రోజూ వద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి జారి మరో రకం న్యుమోనియా తేవచ్చు. లెక్కపెట్టిన అంకె, ఆ సమయం కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి.