ఏ అయిదు?

తిరుపతి బస్టాండు దగ్గర నేను తరచూ వెళ్లే టిఫిన్ హోటల్లో కింద పది టేబుళ్లు, మేడ మీద పది. రెండు చోట్లా నంబర్లు ఒకటి నుంచే. కొత్త కుర్రాడు మెట్ల దగ్గర నిలబడి "అయిదుకి రెండు ఎర్రకారం దోసెలన్నా!" అని కేకేస్తే, మాస్టర్ అట్లకాడ ఆపి అడిగేది ఒకటే: "ఏ అయిదబ్బా, కిందదా పైదా?"

కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కూ ఇదే గొడవ. కీ నొక్కినా, నెట్‌వర్క్ కార్డుకు ప్యాకెట్ వచ్చినా ఆ పరికరం ప్రాసెసర్‌కు కేక వేస్తుంది. అదే ఇంటరప్ట్. ప్రాసెసర్ చేతిలో పని ఆపి చూస్తుంది. పిలిచిందెవరో తెలిసేది నంబరును బట్టే.

1981 నాటి ఐబీఎం పీసీలో ఈ కేకలందుకునే 8259 చిప్పుకు 8 తీగలే. 1984లో దాని తర్వాతి మోడల్ పీసీ ఏటీకి రెండో చిప్పు తెచ్చి, మొదటి చిప్పు తీగల్లో ఒకదానికి తగిలించారు. ఆ తీగ దానికే పోయింది, మిగిలినవి 15. టైమర్‌కు 0, కీబోర్డుకు 1, ప్రింటర్‌కు 7. సౌండ్ కార్డు కూడా 7 మీదే కూర్చుంటే టెన్షనే. కార్డు మీది జంపర్ అనే చిన్న తొడుగు పీకి 5కు మార్చాల్సి వచ్చేది.

ఇప్పుడు తీగ కూడా అక్కర్లేదు. మదర్‌బోర్డు స్లాట్‌లో పెట్టే పీసీఐ కార్డు ఫలానా మెమరీ అడ్రసులో ఒక చిన్న సందేశం రాస్తే అదే కేక. ఎంఎస్ఐ-ఎక్స్ అనే ఈ సందేశాల పద్ధతిలో ఒక్క పరికరమే 2048 నంబర్ల దాకా అడగవచ్చు. పైగా ఒకే మెషీన్‌లో ఇలా కేకలందుకునే కంట్రోలర్లు ఎన్నో, ఒక్కోదానికి సొంత అయిదు.

మాస్టర్ మొదట గోడ మీద సుద్దతో లెక్క రాశాడు: మేడ టేబుల్‌కు పది కలపాలి, అంటే పై అయిదు 15. కింద ఇంకో రెండు టేబుళ్లు వేయగానే లెక్క చెడింది. ఒకప్పుడు ఏఆర్ఎం రకం ప్రాసెసర్లున్న బోర్డులకు లినక్స్ కెర్నల్ రాసేవాళ్లూ ఇలాగే ముందే హద్దులు గీసుకుని ఇబ్బంది పడ్డారు. ఇప్పుడు ప్రతి కంట్రోలర్‌కూ ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ పిలుపు) డొమైన్ అనే పట్టిక ఉంటుంది. పరికరం అడిగినప్పుడు కెర్నల్ తన వరుసలో ఖాళీగా ఉన్న నంబరు తీసిచ్చి, హార్డ్‌వేర్ నంబరు పక్కన రాసుకుంటుంది. ఒకే నంబరు ఇద్దరికి పోకుండా ఆ కాసేపు తాళం వేసుకుంటుంది కూడా.

ఇవ్వడం కంటే వెనక్కి తీసుకోవడమే చిక్కు. పరికరాన్ని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, తప్పుకుంటానన్నా, ఆ ఇంటరప్ట్ పని ఏదైనా ప్రాసెసర్‌లోని ఇంకో కోర్ మీద నడుస్తుంటే కెర్నల్ అది ముగిసేదాకా ఆగుతుంది. తొందరపడితే లేని డ్రైవర్‌ను పిలిచినట్టవుతుంది.

మొన్న మేడ మీద ఒక టేబుల్ ఎత్తేశారు. మాస్టర్ తడిగుడ్డతో గోడ మీద నంబరు చెరపబోయి పెనం వైపు చూశాడు. దాని దోసె ఇంకా కాలుతోంది.